అవినీతి పాత్రకు పైరవీ లేదు

నేను ఒక రాక్షసుడి ముఖాన్ని. కోరలు, కొమ్ములు, ఎర్రటి గుడ్లు, చెవిదాకా సాగిన నోరు, రాక్షసుడికి ఉండవలసినవన్నీ సలక్షణంగా ఉన్నాయి. పేరు లంచాసురుడు. ఏటా దసరా సెలవులు అయ్యాక, ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో అవినీతి వ్యతిరేక వారోత్సవాలు జరుగుతాయి. అప్పుడు నన్ను వేదిక ఎక్కించి చంపుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. ముఖ్య అతిథి తృప్తిగా తల పంకిస్తాడు. చంపడం అయిపోగానే నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి, చుట్టూ ఎండు వేపాకు సర్ది, బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నాకు ఏళ్ల తరబడి ఒకటే అనుమానం. చచ్చినవాణ్ణి ఎవరైనా ఇంత భద్రంగా దాచుకుంటారా? నన్ను చంపే నిజాయితీ రాణికి ఈ మర్యాద లేదు. ఆమె కిరీటం అట్టతో చేసింది. నాటకం అయిన మర్నాడే ఎక్కడో నలిగిపోయి కనిపిస్తుంది. ఆమె కత్తికి అంటించిన బంగారు కాగితాన్ని పిల్లలు పీకేస్తారు. ఏ ఏటికి ఆ ఏడు నిజాయితీని కొత్తగా తయారు చేసుకోవలసిందే. అవినీతి మాత్రం ఒకసారి కొంటే చాలు, బీరువాలో ఉంటుంది. భగవంతుడి సృష్టిలో ఇదేం లెక్కో అని తలుచుకుంటూ, ఆ చీకట్లో వేపాకు వాసన పీల్చుకుంటూ చాలా కాలం గడిపాను. జవాబు తర్వాత దొరికింది. ముందు నా పుట్టుక సంగతి చెబుతాను.

నన్ను చేసినవాడు ఈశ్వరయ్య అనే, బొమ్మలూ ముఖాలూ చేసే నకాశీ పనివాడు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి పిసికి, అచ్చులో ఒత్తి, ఎండబెట్టి, రంగులు వేశాడు. నా పక్కనే అదే ముద్దతో అమ్మవారి ముఖం కూడా చేశాడు. ఇద్దరం ఒకే చాప మీద, ఒకే ఎండకు ఆరాం. రంగులు వేసేదాకా ఎవరు ఎవరో మాకే తెలియదు. అమ్మవారికి కళ్లు దిద్దేటప్పుడు ఈశ్వరయ్య స్నానం చేసి వచ్చాడు. నాకు దిద్దేటప్పుడూ స్నానం చేసే వచ్చాడు. అదేమిటని భార్య అడిగితే, రాక్షసుడికైనా చూపు ఇచ్చేటప్పుడు చేతులు శుభ్రంగా ఉండాలన్నాడు. నా జీవితంలో నాతో శుభ్రమైన చేతులతో వ్యవహరించినవాళ్లు తక్కువ. అందుకే ఆ మాట గుర్తుంది.

నన్ను కొన్నవాడు ఆ బడి హెడ్మాస్టరు నరహరి సారు. మంచి మనిషి, మెత్తటి మాట, నుదుట ఎప్పుడూ బొట్టు. నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకువచ్చాడు. బడికి చేరాక ఫైలులో నన్ను టేకు చెక్కతో చేయించినట్టు రాశారు. నా జన్మరహస్యం నాకూ ఈశ్వరయ్యకూ తప్ప ఆ ఊళ్లో ఇంకొక్కరికే తెలుసు. అవినీతి నిర్మూలనకు వచ్చినవాణ్ణి, వచ్చిన రోజే రంపపు పొట్టు నుంచి టేకుగా ఎదిగాను. బడిలో చేరిన ఏ పిల్లాడూ అంత తొందరగా పైకి రాలేదు.

నాటకం రాసింది సాంఘిక శాస్త్రం చెప్పే అనసూయ టీచర్. నెలనెలా పౌర్ణమికి వ్రతం చేసుకునే మనిషి. పిల్లలకు చెప్పే మాట, దేవుడి ముందు అనే మాట వేరు వేరుగా ఉండకూడదని ఆమె నమ్మకం. అందుకే నాటకంలో పెద్ద పెద్ద పద్యాలు పెట్టలేదు. చివర్లో నిజాయితీ రాణి నా ఎదురుగా నిలబడి చెప్పే నాలుగు మాటలు ఉంటాయి. అవే నాటకానికి ప్రాణం.

"లంచాసురా, నా చేతిలో కత్తి అట్టదే. నా మాట మాత్రం అట్టది కాదు. నేను ఏ ఇంటికీ దొడ్డిదారిన పోను. నాకు దక్కాల్సింది ఎవరినీ బతిమాలి తీసుకోను. ఇంకొకరికి దక్కాల్సింది నా చేతికొచ్చినా తీసుకోను."

అంతే. ఇది విని నేను కింద పడి చావాలి. మొదటిసారి విన్నప్పుడు నిజంగానే చావాలనిపించింది. తర్వాత తర్వాత ఆ మాటలు చెప్పే పిల్లలు ఆ పాత్రలోకి ఎలా వచ్చారో చూశాక, ఆ అవసరం కనబడలేదు.

పాత్రలు ఎంచడానికి అనసూయ టీచర్‌ది ఒక పద్ధతి. కుర్చీని నల్లబల్ల వైపు తిప్పుకుని, పిల్లలకు వీపు పెట్టి కూర్చునేది. ఒక్కొక్కరూ వచ్చి ఆ మాటలు చెప్పాలి. మొహాలు చూస్తే మనసు జారుతుంది, చెవితోనే తూచాలి అనేది. అలా తూచి, ఎవరి మాట మనసుకు తగిలితే వాళ్ల పేరు చెప్పేది. ఆ పేరు హెడ్మాస్టరు గదిలోకి వెళ్లేది. రెండు రోజులకు వేరే పేరుగా బయటికి వచ్చేది. ఒక ఏడు బ్యాంకు మేనేజరు మనవరాలు, ఒక ఏడు విద్యా కమిటీ అధ్యక్షుడి మేనకోడలు, ఒక ఏడు పొద్దున్నే బడికి పాలు పోసే ఆసామి బిడ్డ. చివరి ఆయన పలుకుబడి ఏమిటని అనుకోకండి. స్టాఫ్ రూములో టీ ఆయన పాలతోనే.

ఇక నా పాత్ర. రాక్షసుడి ముఖం పెట్టుకుంటే తమ పిల్లకు దిష్టి తగులుతుందని, పెళ్లి సంబంధాలకు అడ్డమని, పలుకుబడి గల తల్లులెవరూ ఒప్పుకునేవారు కాదు. అందుకని లంచాసురుడి పాత్రకు ఒక్క పైరవీ కూడా వచ్చేది కాదు. అది నేరుగా బాగా చేసే పిల్లలకే దక్కేది. అదీ సంగతి. ఆ బడిలో ప్రతిభ చూసి, ఎవరి మాటా వినకుండా, సక్రమంగా భర్తీ చేసే ఉద్యోగం ఒకే ఒక్కటి, అవినీతి. నన్ను ఎందుకంత భద్రంగా దాచుకుంటారో అప్పుడు నాకు అర్థమైంది. ఆ బడిలో న్యాయంగా నడిచే వ్యవహారం నేనొక్కణ్ణే.

చంద్రకళ సంగతి ఆ రోజుల్లోదే. తొమ్మిదో తరగతి. తండ్రి మిషన్ కుట్టేవాడు, ఇంటిల్లిపాదీ కాజాలు కుట్టేవారు. ఆ పిల్ల వచ్చి ఆ నాలుగు మాటలు చెప్పినప్పుడు, నల్లబల్ల వైపు కూర్చున్న అనసూయ టీచర్ కుర్చీ తిప్పి చూసింది. అలా తిప్పడం తన పద్ధతికి విరుద్ధం. తరగతి అంతా వింటుండగా, "ఈసారి రాణి చంద్రకళనే. ఇది నా మాట" అంది. అంతవరకు ఆమె ఎవరికీ 'నా మాట' అని చెప్పలేదు. హెడ్మాస్టరు గదిలో పేర్లు మారతాయని ఎరిగిన మనిషి, ఆ రోజు కావాలనే ముందుగా మాట ఇచ్చేసిందనుకుంటాను.

పిల్ల ఇంటికి పోయి చెప్పింది. తండ్రి దుకాణంలో మిగిలిన జరీ ముక్కలన్నీ ఏరి రాణికి పైట కుట్టడం మొదలుపెట్టాడు.

మూడో రోజు నరహరి సారు టీచరును గదికి పిలిపించాడు. బీరువా ఆ గదిలోనే ఉంటుంది కాబట్టి తలుపు సందులోంచి అంతా చూశాను, విన్నాను. ఆ ఏడు ముఖ్య అతిథిగా వచ్చేది మండలాఫీసులో పెద్ద సారు. ఆయన కూతురు సింధూర ఇదే బడిలో చదువుతోంది. బడికి ప్రహరీ గోడ కావాలి. గోడ ఫైలు ఆయన బల్ల మీద ఉంది.

"పెద్దసారు అడగలేదమ్మా. అడిగితే తప్పయితది. బిడ్డకు స్టేజీ అంటే మస్తు ఇష్టమని మాత్రం అన్నడు" అన్నాడు నరహరి సారు.

"నేను మాట ఇచ్చిన సార్."

"మాటే కదా. రాసియ్యలేదు కద."

టీచరుకు తన పిల్లల చదువులు, భర్త ఆరోగ్యం, దూరపు ఊరికి బదిలీ అయితే ఏమవుతుందన్న భయం, అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. నరహరి సారు బదిలీ అన్న మాటే ఎత్తలేదు. మంచివాడని చెప్పాను కదా. గోడ లేకపోతే పందులు వచ్చి మధ్యాహ్న భోజనాల దగ్గర తిరుగుతున్నాయని, నలుగురు పిల్లల ఆరోగ్యం కోసం ఒక పిల్ల సర్దుకుంటే పుణ్యమేనని చెప్పాడు. పుణ్యం అనే మాటకు ఆమె తల వంచింది. భక్తి గలవాళ్లను ఒప్పించడం ఎంత తేలికో నేను అప్పుడే తెలుసుకున్నాను.

చంద్రకళను పిలిచింది కానీ, కారణం చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. నన్ను చేతికిచ్చి, "ఈసారికి ఇది వేసుకో. రాణి పాత్ర నీకు బాకీ ఉన్న" అంది. పదో తరగతి పిల్లలను నాటకాల్లోకి తీసుకోరని ఇద్దరికీ తెలుసు. పిల్ల నన్ను తగిలించుకుంది. లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు నాకొక్కడికే వినబడింది. తండ్రి అప్పటికే కుట్టి బడికి పంపిన ఆ జరీ పైట సింధూరకు సరిగ్గా సరిపోయింది. అది తమ బిడ్డ కోసం కుట్టిందేనని పెద్దసారు భార్య అనుకుంది. ఎవరూ కాదని చెప్పలేదు.

నాటకం రోజు ముందుగా అందరూ చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు. లంచం ఇవ్వను, పుచ్చుకోను, సిఫారసు చేయను, చేయించుకోను. పెద్దసారు గొంతు అందరికంటే గట్టిగా ఉంది. తర్వాత నాటకం. నేను వీరవిహారం చేశాను. చంద్రకళ నా లోపల నవ్విన నవ్వుకు ముందు వరుసలోని చిన్న పిల్లలు ఏడ్చారు. చివరికి సింధూర కత్తి పట్టుకుని నా ఎదుట నిలబడింది. చక్కని పిల్ల, పాపం, తప్పేమీ లేదు. ఆ పాత్ర ఎవరి చేతిలోంచి తన చేతికి వచ్చిందో ఆ పిల్లకు తెలియనే తెలియదు. కత్తి గురించి చెప్పింది. దొడ్డిదారి గురించి చెప్పింది. బతిమాలి తీసుకోనంది. ఆ తర్వాత మాట రాలేదు. పెదవులు కదిలాయి, గొంతు కదలలేదు. పక్కన తెర చాటున అనసూయ టీచర్ చేతిలో కాగితం ఉంది, కానీ ఆ మాట దగ్గర ఆమె తల దించుకుంది.

అప్పుడు నా నోట్లోంచి, కోరల సందులోంచి, సన్నగా వినబడింది.

"ఇంకొకరికి దక్కాల్సింది నా చేతికొచ్చినా తీసుకోను."

సింధూర పట్టుకుంది, గట్టిగా తిరిగి చెప్పింది. నేను కింద పడి చచ్చాను. చప్పట్లు ఆగలేదు. నిజాయితీకి మాట అందక నిలబడిపోతే అవినీతి అందించి ఆదుకున్న దృశ్యం ఇంకెక్కడైనా జరిగిందో లేదో నాకు తెలియదు. ఆ బడిలో మాత్రం జరిగింది, వారోత్సవాల పోటీల్లో మొదటి బహుమతి కూడా వచ్చింది. బహుమతి సింధూర అందుకుంది. ఇచ్చింది ఆమె తండ్రే. ఇచ్చేటప్పుడు, ఇలాంటి పిల్లలు ఉండగా దేశానికి భయం లేదన్నాడు. గోడ మంజూరైంది. సగం లేచింది. మిగతా సగం గుండా పందులు ఇప్పటికీ వస్తూ ఉంటాయి.

కాలం గడిచింది. నరహరి సారు రిటైరై వెళ్లిపోయాడు. హెడ్మాస్టర్లు మారారు. నా కొమ్ము ఒకటి విరిగితే ఎవరో ఫెవికాల్‌తో అంటించారు. నా లోపల ఎందరో పిల్లలు నవ్వారు, గర్జించారు, తుమ్మారు. అందరూ మంచి నటులే. అనసూయ టీచర్ జుట్టు తెల్లబడింది. పాత్రలు ఎంచే రోజున ఆమె నల్లబల్ల వైపు కూర్చోవడం మానలేదు, హెడ్మాస్టరు గదిలో పేర్లు మారడమూ ఆగలేదు. కానీ ఆ తర్వాత ఆమె ఏ పిల్లకూ 'నా మాట' అని చెప్పలేదు.

ఆమె రిటైర్ అయ్యే ఏడు కొత్త హెడ్మాస్టరు రావడం ఆలస్యమై, ఇన్‌చార్జి బాధ్యత ఆమెకే వచ్చింది. పేర్లు మార్చే గదిలో ఇప్పుడు ఆమే కూర్చుంది. ఇకనేం, ఈసారి నాటకం తూకం ప్రకారమే నడుస్తుందని ఆమె అనుకుంది. నేనూ అనుకున్నాను. రాణి పాత్రకు మమత అనే పిల్లను ఎంచింది. తల్లి మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఆ పిల్ల గొంతు మిరపకాయ లాంటిదే.

రెండు రోజులకు ఒక తల్లి గదిలోకి వచ్చింది. నన్ను అప్పటికే బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టారు. ఆమె ముందు నన్ను చూసింది, తర్వాత టీచరును చూసింది. చంద్రకళ. బస్టాండు దగ్గర సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకుంది. కూతురు హాసిని ఇక్కడే ఎనిమిదో తరగతి.

"టీచర్, నా బిడ్డకు రాణి పాత్ర ఇయ్యాలె" అంది.

టీచర్ ఆమెను కూర్చోబెట్టింది, నీళ్లు ఇచ్చింది. హాసిని గొంతు ఇంకా చిన్నదని, ప్రజల గుంపులో పెట్టానని చెప్పింది. మా నాటకంలో ప్రజలకు మాటలు ఉండవు. చివర్లో జై కొట్టాలి, అంతే. చంద్రకళ ఒప్పుకోలేదు. తనకు బాకీ ఉన్నారు కదా, అది తన బిడ్డకు తీర్చమంది. టీచర్ మమత సంగతి చెప్పబోయింది.

"అప్పుడు నాకు పైరవీ లేదని తీసేసిన్రు" అంది చంద్రకళ. "ఇప్పుడు నేనే పైరవీకొస్తే నీతి చెప్తున్నరు. మీ నీతి ఎప్పుడూ నా వంతుకే ఎందుకు వస్తది టీచర్?"

ఇన్నేళ్లుగా ఆ గదిలో ఎన్నో పైరవీలు విన్నాను. ఒక్కటీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇది పెట్టింది. ఆ తల్లి అడిగింది అన్యాయం. కానీ అడిగే హక్కు ఆమెకు ఉన్నంతగా ఎవరికీ లేదు. నేను లంచాసురుణ్ణి, ఇలాంటి చిక్కుల్లో ఏం చెయ్యాలో మా శాస్త్రంలో రాసి ఉంటుంది: పాత బాకీ తీర్చెయ్యి, మమతకు బాకీ పడు. వ్యవహారం అలాగే నడుస్తుంది, ఒకరి బాకీ తీర్చి ఇంకొకరికి పడుతూ, అందరూ మంచివాళ్లుగా మిగిలిపోతూ.

టీచర్ కళ్లు మూసుకుంది. దేవుణ్ణి తలుచుకుందో, ఆ రోజు పుణ్యం అన్న మాటకు తల వంచిన సంగతి గుర్తొచ్చిందో తెలియదు. కళ్లు తెరిచి నెమ్మదిగా చెప్పింది.

"బాకీ నీకు పడ్డ బిడ్డా. హాసినికి కాదు. మమతది తీసి నీకియ్యలేను. నాటకం రోజు నువ్వు రా."

చంద్రకళ లేచి వెళ్లిపోయింది. తలుపు చప్పుడుకు నా అంటించిన కొమ్ము అదిరింది. ఆమె రాదనే అనుకున్నాను.

వచ్చింది. బిడ్డ జై కొట్టడం చూడాలి కదా. వెనక వరుసలో, వెళ్లిపోవడానికి వీలుగా గేటు వైపు కుర్చీలో కూర్చుంది. ప్రతిజ్ఞ జరిగింది. నాటకం జరిగింది. మమత చెప్పిన మాటలకు అంతవరకు ఫోను చూసుకుంటున్న ముఖ్య అతిథి కూడా తల ఎత్తాడు. నేను పడి చచ్చాను. నా లోపలి పిల్లాడు నన్ను తీసి బల్ల మీద పెట్టి మిక్చరు పొట్లాల దగ్గరికి పరుగెత్తాడు. ముఖ్య అతిథికి ఇంకో వారోత్సవం ఉందట, వెళ్లిపోయాడు. కుర్చీలు జరుగుతున్నాయి. సగం మంది లేచారు.

అప్పుడు అనసూయ టీచర్ మైకు అందుకుంది. పెద్ద ఉపన్యాసం ఏమీ లేదు. చాలా ఏళ్ల కింద ఈ పాత్రకు చంద్రకళను ఎంచానని, మాట ఇచ్చి తప్పానని, ఆ ఏడు వచ్చిన బహుమతి రాక్షసుడి ముఖం వెనక ఉన్న పిల్లదని చెప్పింది. చంద్రకళను వేదిక మీదికి రమ్మంది. పొట్లాలు నములుతున్నవాళ్లలో కొందరు తల తిప్పి చూశారు, కొందరికి వినబడనే లేదు.

చంద్రకళ రానంది. చెయ్యి అడ్డంగా ఊపింది. ఎవరో నవ్వారు. ప్రజల గుంపులోంచి హాసిని వచ్చి తల్లి కొంగు పట్టుకుని లాగింది. చివరికి ఆమె వేదిక ఎక్కింది. కిరీటం పెడతామంటే వద్దంది. మైకు ముందు నిలబడి, ఎదురుగా బల్ల మీద ఉన్న నన్ను చూస్తూ మొదలుపెట్టింది.

కత్తి అట్టదేనంది. మాట అట్టది కాదంది. ఏ ఇంటికీ దొడ్డిదారిన పోనంది. లేస్తున్నవాళ్లు కొందరు మళ్లీ కూర్చున్నారు. దక్కాల్సింది ఎవరినీ బతిమాలి తీసుకోనంది.

అక్కడ ఆగింది.

మరిచిపోయిందని అందరూ అనుకున్నారు. తెర చాటున మమత పెదవులు కదిపింది, అందిద్దామని. టీచర్ చెయ్యెత్తి వద్దని ఆపింది. నా కోరల సందులో ఈసారి ఎవరూ లేరు. చంద్రకళ కిరీటం పెట్టుకున్న మమతను చూసింది. కింద ప్రజల్లో నిలబడ్డ తన బిడ్డను చూసింది. ఆ పిల్ల తల్లినే చూస్తోంది, జై కొట్టడానికి సిద్ధంగా చెయ్యి సగం ఎత్తి.

"ఇంకొకరికి దక్కాల్సింది," అని గొంతు సవరించుకుంది, "నా చేతికొచ్చినా తీసుకోను."

గట్టిగా కూడా అనలేదు. మామూలుగా, దుకాణంలో ఎవరికో కొలత చెప్పినట్టు చెప్పింది. ఎన్నోసార్లు ఆ మాట విన్నాను. అది ఖర్చుతో కూడిన మాట అని నాకు ఆ రోజే తెలిసింది. హాసిని ఎత్తిన చెయ్యి పూర్తిగా ఎత్తింది. మిగతా ప్రజలు ఆలస్యంగా కలిశారు, ప్రజలు ఎప్పుడూ అంతే.

చంద్రకళ మైకు ఆపింది. టీచర్ దగ్గరికి వచ్చి, కాళ్లకు దండం పెట్టబోతే టీచర్ రెండు భుజాలూ పట్టుకుని ఆపింది. ఇద్దరూ ఒకరినొకరు కాసేపు అలాగే పట్టుకున్నారు.

"ఇగ చెల్లింది టీచర్" అంది చంద్రకళ.